తేడా అనే ఫైలు

గుణుపురంలో ఎరువుల కొట్టు మీద మా గది.
గోడలకి గుడ్ల అట్టలు, తలుపుకి పాత బొంత.
కింద యూరియా బస్తాలు దించుతుంటే రికార్డింగు ఆపేస్తాం.
ఫ్యాను ఎప్పుడూ ఆపే ఉంటుంది.
చెమటకి చప్పుడు లేదు కనక బతికిపోయాం.

కృపాసింధు కటకం వెళ్ళి కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చాడు,
వాళ్ళ బావ మోటారు సైకిలు అమ్మిన డబ్బుతో.
"దీన్లో గొంతు వెచ్చగా వస్తాది భాయి.
నీ దాన్లో చల్లారిపోయిన అంబలి."
నాది ఊరికే దొరికింది.
అయినా కోపం వచ్చింది.

మూడు వారాలు అదే గొడవ.
అంకెలు అంకెలేరా, అన్నాను,
ఏ పుస్తకంలో రాసినా రెండు రెళ్ళు నాలుగే.
స్టేషను బోర్డు మీద తెలుగు అక్షరం లేదు,
అయినా మావాళ్ళు సరైన ఊళ్ళోనే దిగుతున్నారు గదా.
"మరి నువ్వు వంశధార అంటావు, నేను బంశధార అంటాను,
నోట్లో నీళ్ళ రుచి ఒకటేనా?" అన్నాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.
టీ డబ్బులు నేనే ఇచ్చాను.

చివరికి తవుడమ్మని పిలిపించాం.
ఊడుపుల్లో ముందు గొంతు ఆమెదే.
మైకుని ఎగాదిగా చూసి
"ఇంత దగ్గరకి రమ్మంతాది, దీనికి చెవుడేటి?" అంది.
ఒక్కసారే పాడింది.
ఆ ఒక్క పాటనీ రెండు గరిసెల్లో పోశాం,
వాడి దాన్లో కొంత, నా దాన్లో కొంత కాదు,
రెండింట్లోనూ మొత్తం.

కళ్ళు మూసుకుని విన్నాం.
నిజం చెప్పాలి, వాడిదే బాగుంది.
కడిగిన పళ్ళెంలా ఉంది.
నాకు చేతులు చల్లబడ్డాయి.

అప్పుడు చేశాం అసలు పరీక్ష.
ఒక పాటని తలకిందులు చేసి రెండోదాని మీద పరిచాం,
మిట్ట ఉన్నచోట గొయ్యి, గొయ్యి ఉన్నచోట మిట్ట.
రెండూ ఒకటే అయితే ఏమీ మిగలకూడదు.

మీట నొక్కాం.
పాట లేదు.
గది దమ్ముపట్టిన మడిలా చదునైపోయింది.
గెలిచానని నేను లేవబోతుంటే
ఎవరో ఊపిరి పీల్చారు.

మళ్ళీ ఏమీ లేదు, ఒక చరణమంత పొడుగున.
మళ్ళీ ఊపిరి.
రెండు గాజులు తగిలాయి.
కింద కొట్లో తూకపు రాయి పెట్టారు.
గుటక.

తవుడమ్మ ఇయర్‌ఫోన్లు చెవులకి నొక్కి పట్టుకుంది.
"పాట ఎల్లిపోనాది. నానొక్కర్తినీ ఉండిపోనాను."

కృపాసింధు తెరంతా వెతికాడు.
దొరికింది.
కొత్త పాట తెరవగానే తనంతట తనే కూర్చునే గేటు ఒకటి.
మాట వస్తే తెరుచుకుంటుంది,
ఊపిరి వస్తే మూసేస్తుంది.
వెచ్చదనం వెచ్చదనం అని మూడు వారాలు వాడు మోసింది దాన్నే.
"ఊపిరి తియ్యకండా పాడీసినానా? నానేటి దెయ్యాన్నా?"
అంది ఆమె, నవ్వలేదు.

గేటు తీసేసి మళ్ళీ కలిపాం.
ఈసారి సున్నా.
అంత పొడుగు ఏమీ లేకపోవడాన్ని నేను ఎప్పుడూ వినలేదు.
గెలుపుకి ఏ చప్పుడూ లేదు.
నాకు బావగారి మోటారు సైకిలే గుర్తొచ్చింది.

రెండొందలు కొంగున ముడేసుకుని
ఆమె సాయంత్రం పాసింజరు ఎక్కింది.
కృపాసింధు ఇప్పటికీ వెచ్చగా ఉందనే అంటాడు.
నేను ఇప్పుడు ఊఁ అంటున్నాను.

ఆ మొదటి మిగులు మాత్రం చెరపలేదు.
"తేడా" అని పేరు పెట్టి దాచాను.
కరెంటు పోయిన రాత్రుళ్ళు
ల్యాప్‌టాప్‌లో ఉన్న కాస్త ప్రాణంతో దాన్ని వింటాను.
ఆమె ఊపిరి పీల్చుకుంటుంది.
తర్వాత ఏ మాట రావాలో నాకు తెలుసు.
రాదు.